పాటకు పుట్టినరోజు ఎవరు రాస్తారు?



పిల్లల పుట్టినరోజులు, పెళ్లిరోజులు, పెద్దల తద్దినాలు ఇంట్లో ఎవరికి గుర్తుంటాయి? మనకే కదూ! కొత్త గ్యాస్ బండ పెట్టిన రోజున కేలెండరు మీద సున్నా చుట్టేదీ మనమే. మరి మనం రోజూ పాడుకునే పాటలకూ పుట్టినరోజులుంటాయని ఎప్పుడైనా అనుకున్నారా?

పేరుపొందిన గాయకుల తేదీలను లోకమే గుర్తుపెట్టుకుంటుంది. డిసెంబరు 4 ఘంటసాలగారి జయంతి. 1922లో పుట్టిన ఆ మహానుభావుడి శతజయంతిని 2022లో ఘనంగా జరుపుకున్నాం. బాలసుబ్రహ్మణ్యంగారి మొదటి సినిమా పాట రికార్డయింది 1966 డిసెంబరు 15న. ఆయన 2020లో మనల్ని విడిచి వెళ్లారు గాని ఆ తేదీని అభిమానులు మరిచిపోలేదు.

అయితే అంతటి ఘనమైన సంగతులకు కూడా ఒక్కోసారి తప్పు తేదీ అంటుకుంటుంది. మన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ సంగతే చూడండి. హెచ్.ఎం. రెడ్డిగారు తీశారు. లీలావతి వేషం వేసి, తానే పాటలు కూడా పాడుకున్నది సురభి కమలాబాయిగారు. నాటకాల స్టేజి మీద పెరిగిన ఆడమనిషి గొంతు అట్లా మొదటిసారి తెలుగు తెర మీద వినిపించిందన్నమాట. పాటలు రాసిన చందాల కేశవదాసుగారు మన పక్కనున్న ఖమ్మం జిల్లా జక్కేపల్లివారు. ఇంత ముఖ్యమైన సినిమా 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు అందరూ రాశారు, అందరూ నమ్మారు. చివరికి పత్రికా రచయిత రెంటాల జయదేవగారు పాత కాగితాలన్నీ వెతికారు. దానికి సెన్సారు సర్టిఫికెట్టు వచ్చింది 1932 జనవరి 22న అని, బొంబాయిలో విడుదలయింది ఫిబ్రవరి 6న అని తేల్చారు. అంటే బిడ్డ పుట్టడానికి దాదాపు అయిదు నెలల ముందే మనం పుట్టినరోజు చేస్తూ వచ్చామన్నమాట! కాగితం దొరికింది గనుక సరిపోయింది. దొరకకపోతే తప్పే నిజమై కూర్చునేది.

కాగితమే లేని పాటల మాటేమిటి?

మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలో సుద్దాల అనే ఊరుంది. ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లింది. ఆ ఊరి హనుమంతుగారు తెలంగాణ సాయుధ పోరాటం నాడు పాటలు కట్టి జనం చేత పాడించారు. పశువులు కాసే పసివాడి మీద ఆయన కట్టిన పాట 1980లో విడుదలైన ‘మాభూమి’ సినిమాలో చేరింది. అదే సినిమాలో తెర మీద గద్దరుగారు పాడిన బండి పాటను రాసింది బండి యాదగిరిగారు. పాడినవారి పేరు తెలిసినంతగా రాసినవారి పేరు చాలామందికి తెలియదు. ఈ రెండు పాటలకూ సినిమా తోడు దొరికింది గనుక అవి ఊరు దాటాయి. తోడు దొరకని పాటలు ఎన్ని ఉంటాయో మీరే ఊహించండి.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మాది హాలియా. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ నుంచి కాలువలకు నీళ్లు వదిలారు. మా అత్తమ్మ అప్పటికి చిన్నపిల్ల. ఎడమ కాలువ నీళ్లు పారి, వరి మళ్లు పెరిగినకొద్దీ నాట్లకు ఆడవాళ్లు ఊళ్ల నుంచి ఊళ్లకు వచ్చేవారట. వాళ్లతోపాటు పాటలూ వచ్చాయని అత్తమ్మ చెప్పేది. ఆమె పాడే నాటు పాట ఒకటి పదహారు చరణాలుండేది. ‘‘ఎవరు కట్టిన్రు అత్తమ్మా?’’ అని అడిగితే నవ్వేది. ‘‘నాట్లేసేటోళ్లందరం పాడేది బిడ్డా, దానికి పేరెందుకు?’’ అనేది.

రాసుకోవాలని నాకు ఎన్నోసార్లు అనిపించింది. దసరా పోనీ అనుకున్నా, పిల్లల పరీక్షలు పోనీ అనుకున్నా. చివరికి రేడియో ప్రసంగం కోసం నోటుబుక్కు పట్టుకొని కూర్చునేసరికి అత్తమ్మకు రాగం వచ్చింది గాని మాట రాలేదు. నాలుగు చరణాలు చెప్పి, అయిదోదాని దగ్గర నా మొహంలోకి చూసింది. తక్కినవి ఏ కాగితాలు వెతికినా దొరకవు. తప్పు నాదే. ఎవరి మీదా పెట్టను.

ఈ సందర్భంలో గౌహర్ జాన్ గారు గుర్తుకొస్తారు. 1902లో కలకత్తాలో గ్రామఫోను రికార్డుకు పాడిన తొలి గాయనుల్లో ఆమె ఒకరు. పాట ముగియగానే తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పేవారు. ఆ రికార్డులు జర్మనీలో తయారయ్యేవి. అక్కడివాళ్లకు ఇది ఎవరి పాటో తెలియాలని అట్లా చెప్పేవారంటారు. నూట ఇరవై ఏళ్లు దాటినా పాటతోపాటు ఆ పేరూ నిలిచింది. తన పేరు తాను చెప్పుకోవడం గొప్పలు పోవడం కాదని ఆమెను చూస్తే తెలుస్తుంది.

కాబట్టి మీకు ఒక మనవి. మీ ఇంట్లో అమ్మో, అత్తమ్మో, అమ్మమ్మో ఉంటే బతుకమ్మ పాటో, జోలపాటో, దంచేటప్పటి పాటో పాడించండి. చేతిలో సెల్‌ఫోను ఉండనే ఉంది. మొదట వాళ్ల పేరు, ఊరు, ఆనాటి తేదీ వాళ్ల నోటనే చెప్పించండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగండి. తర్వాత వంట సంగతి చూసుకోవచ్చు. కూర అరగంట ఆలస్యమైతే కొంప మునగదు.

నా నోటుబుక్కులో అత్తమ్మ పేరు, హాలియా అని ఊరి పేరు, తేదీ రాశాను. కింద నాలుగు చరణాలు రాసి, తక్కిన పన్నెండింటికి చోటు వదిలాను. ఆనాడు ఆమెతో నాటు వేసినవాళ్లలో ఎవరికైనా యాదికుంటే ఆ చోటు నిండుతుందేమోనని నా ఆశ.

సెలవు.