ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్

'''ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్''' 2014 ఆగస్టు 8న విడుదలైన ఒక భయానక వీడియో గేము. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి చెందిన స్కాట్ కాథన్ దీనిని దాదాపు ఒంటరిగా రూపొందించాడు. పేరుకు "ఫ్రెడ్డీ హోటల్లో ఐదు రాత్రులు" అని అర్థం చెప్పవచ్చు. ఆడేవారు ఒక పిజ్జా హోటలుకు రాత్రి కాపలాదారుగా ఉండి, చీకటిలో తిరిగే యంత్రపు బొమ్మల నుండి తెల్లవారేదాకా ప్రాణం కాపాడుకోవాలి. చేతిలో ఆయుధం ఉండదు; గది విడిచి పారిపోయే వీలుండదు. ఉన్న కొద్దిపాటి విద్యుత్తును పొదుపుగా వాడుకోవడమే ఇందులోని అసలు పరీక్ష.

== నేపథ్యం ==

పాటలు, మోటారుతో కదిలే జంతువుల బొమ్మలు ఒకేచోట ఉండే పిల్లల పిజ్జా హోటళ్ళు అమెరికాలో 1970వ దశకం చివర మొదలయ్యాయి. అటారీ సంస్థ వ్యవస్థాపకులలో ఒకడైన నోలన్ బుష్నెల్ 1977లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ప్రారంభించిన చక్ ఇ. చీజ్ వీటిలో ప్రసిద్ధమైనది. గోదావరి జిల్లాలలో దసరాకు, వినాయక చవితికి వేసే పందిళ్ళలో తల, చేతులు ఆడించే బొమ్మలను చూసినవారు వీటిని సులభంగా ఊహించుకోగలరు. పగలు పిల్లలను నవ్వించే ఇటువంటి బొమ్మ, దీపాలు ఆర్పిన తరువాత ఎలా కనిపిస్తుందన్నదే ఈ గేముకు మూలం.

== రూపకల్పన ==

కాథన్ అంతకుముందు క్రైస్తవ ఇతివృత్తాలతోను, పిల్లల కోసమూ గేములు చేసేవాడు. వాటికి ఆదరణ అంతగా లభించలేదు. 2013లో చేసిన 'చిప్పర్ అండ్ సన్స్ లంబర్ కంపెనీ'లో ఒక చిన్న బీవర్ కట్టెలు కొట్టే కుటుంబంలో పనిచేస్తుంది. అందులోని పాత్రలు భయపెట్టే యంత్రపు బొమ్మల్లా కదులుతున్నాయని విమర్శకులు ఎత్తిపొడిచారు. నిరాశతో ఆ వృత్తినే వదిలివేయాలనుకున్న కాథన్, చివరికి ఆ లోపాన్నే బలంగా మార్చుకోవాలని నిశ్చయించాడు. తెలియకుండానే భయపెట్టగలిగినవాడు, కావాలని పూనుకుంటే మరింత భయపెట్టగలడని అతని ఆలోచన. చందాల ద్వారా సొమ్ము కూడగట్టే ప్రయత్నం ఫలించకపోయినా, క్లిక్‌టీమ్ ఫ్యూజన్ అనే సాఫ్ట్‌వేరు సహాయంతో కొద్ది నెలలలో గేమును పూర్తిచేశాడు.

== ఆట తీరు ==

ఆటలోని కాపలాదారు పేరు మైక్ ష్మిట్. అతని పని వేళ రాత్రి 12 నుండి ఉదయం 6 వరకు. కంప్యూటరు మీద ఒక్కొక్క రాత్రి ఎనిమిది తొమ్మిది నిమిషాలలో ముగుస్తుంది. అతని గదికి ఎడమ, కుడి వైపుల రెండు తలుపులు, ప్రతి తలుపు ప్రక్కన ఒక దీపం ఉంటాయి. మిగిలిన గదులను కెమెరాలలో చూడాలి. వంటగది కెమెరాలో బొమ్మ రాదు, గిన్నెల చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

రాత్రి మొదట్లో విద్యుత్తు 100 శాతం ఉంటుంది. ఏమీ వాడకపోయినా అది కొద్దికొద్దిగా తరుగుతుంది. కెమెరా చూసినా, దీపం వేసినా, తలుపు మూసి ఉంచినా ఇంకా వేగంగా తరుగుతుంది. అనగా ప్రమాదం ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి కూడా ఖర్చు పెట్టాలి. భయపడి తలుపులు రెండూ మూసుకుని కూర్చున్నవాడు తెల్లవారకముందే చీకటిలో చిక్కుకుంటాడు. విద్యుత్తు పూర్తిగా అయిపోతే తలుపులు తెరుచుకుంటాయి. అప్పుడు ఫ్రెడ్డీ ముఖం గుమ్మంలో మిణుకుమిణుకుమంటుంది; బిజే స్వరపరచిన 'కార్మెన్' ఒపేరాలోని ఒక బాణీ వినిపిస్తుంది. అది ఆగి దాడి జరిగేలోగా ఆరు గంటలు కొడితే ఆటగాడు బ్రతికినట్లే.

== పాత్రలు ==

* '''బోనీ''' - కుందేలు. ఎడమ తలుపు వైపు నుండి వస్తుంది.
* '''చీకా''' - కోడి. కుడి తలుపు వైపు నుండి వస్తుంది.
* '''ఫాక్సీ''' - పాడుబడిన నక్క బొమ్మ. తెర వెనుక ఉంటుంది. చాలాసేపు పట్టించుకోకపోతే బయటికి వచ్చి ఎడమ నడవలో పరుగెత్తుతుంది. తలుపు మూసి ఉంటే దానిని బాది కొంత విద్యుత్తును హరిస్తుంది.
* '''ఫ్రెడ్డీ ఫాజ్‌బేర్''' - హోటలుకు పేరు తెచ్చిన ఎలుగుబంటి. చీకటిలో నవ్వుతూ, కెమెరా తనపై లేనప్పుడు కదులుతుంది.

ఒకదానిని గమనిస్తూ కూర్చుంటే మరొకటి దగ్గరకు వస్తుంది. ఈ నాలుగింటి మధ్య చూపును పంచుకోవడమే ఆటలోని నేర్పు.

== కథ ==

కథను నేరుగా చెప్పకపోవడం ఈ గేములోని విశేషం. అంతకుముందు ఆ ఉద్యోగం చేసిన వ్యక్తి టెలిఫోనులో ఉంచిన సందేశాలే మొదటి ఆధారం. రాత్రిపూట మనిషి కనిపిస్తే బొమ్మలు అతనిని తొడుగు లేని యంత్రపు అస్థిపంజరంగా భావించి, తీగలు, ఇనుప భాగాలు ఉన్న ఫ్రెడ్డీ తొడుగులోకి బలవంతంగా కుక్కుతాయని అతడు మామూలు విషయంలా చెబుతాడు. నాల్గవ రాత్రి సందేశం మధ్యలోనే భీకరమైన కేకతో ముగుస్తుంది. హోటలులో ఐదుగురు పిల్లలు అదృశ్యమయ్యారన్న సంగతి గోడమీద అప్పుడప్పుడు కనిపించే పత్రికా వార్తల వలన తెలుస్తుంది.

ఐదు రాత్రులు గడిస్తే కాపలాదారుకు 120 డాలర్ల చెక్కు అందుతుంది. మొత్తం 30 గంటల పనికి ఇది గంటకు 4 డాలర్లు. ఆరవ రాత్రి చేసినందుకు అదనపు పని క్రింద 50 సెంట్లు కలుపుతారు. ఏడవ రాత్రి తరువాత ఉద్యోగం నుండి తొలగిస్తారు. ప్రాణానికి కట్టిన ఈ వెల ఆటలోని చేదు హాస్యం.

== నిజమైన కాపలాతో పోలిక ==

విద్యుత్తే ప్రాణాధారమైన రాత్రి కాపలా కల్పనకే పరిమితం కాదు. భీమవరం పరిసరాలలోని రొయ్యల చెరువుల వద్ద దీనికి దగ్గరి ఉదాహరణ కనిపిస్తుంది. చీకటి పడితే నీటిలోని నాచు ప్రాణవాయువును ఇవ్వదు, తానే పీల్చుకుంటుంది. అందువలన తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అతి తక్కువ స్థాయికి చేరుతుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే, వెంటనే జనరేటరు వేయకపోయినచో పంట మొత్తం నష్టపోయే ప్రమాదం ఉంది. గేములో కూడా రాత్రి గడిచేకొద్దీ బొమ్మల ఉధృతి పెరుగుతుంది, మిగిలిన విద్యుత్తు తగ్గుతుంది. చివరి గంటే గండం కావడం రెండింటిలోనూ సమానం.

== ఆదరణ ==

గేము ఆడుతూ ఉలిక్కిపడేవారి వీడియోలు యూట్యూబులో విశేషంగా ప్రచారమయ్యాయి. మార్కిప్లయర్ వంటివారి వలన ఇది ప్రపంచమంతటా తెలిసింది. 2014 నవంబరులో రెండవ భాగం, 2015లో మూడవ, నాల్గవ భాగాలు వచ్చాయి. రెండవ భాగంలో తలుపులే లేవు. ముఖానికి తొడుగు వేసుకుని బొమ్మలను ఏమార్చాలి. 2021 డిసెంబరులో స్టీల్ వుల్ స్టూడియోస్ తయారుచేసిన 'సెక్యూరిటీ బ్రీచ్' విడుదలైంది. ఎమ్మా టామీ దర్శకత్వంలో, జోష్ హచర్సన్ కాపలాదారుగా నటించిన చలనచిత్రం 2023 అక్టోబరులోను, దాని రెండవ భాగం 2025 డిసెంబరులోను వచ్చాయి.

ఆకస్మికంగా అరుపుతో బొమ్మ మీద పడే దృశ్యాలపై ఎక్కువగా ఆధారపడిందని కొందరు దీనిని విమర్శించారు. అయితే ఆ దృశ్యం ఒక్క క్షణమే. దానికి ముందు, తరిగిపోతున్న అంకెను చూస్తూ కెమెరా తెరవాలా వద్దా అని తటపటాయించే నిమిషాలలోనే ఈ గేములోని భయం నిలిచి ఉన్నది.