భూ, గ్రహ విజ్ఞానాల పరిశోధన రంగాలు: ఎంకపల్లి పరిసరాలు

భూ, గ్రహ విజ్ఞానాలను శిలాశాస్త్రం, భూభౌతికం, భూజలశాస్త్రం, గ్రహశాస్త్రం అంటూ శాఖలుగా విడదీస్తారు. ఈ విభజన పాఠం చెప్పడానికి వీలుగా ఉంటుంది. నేలను అర్థం చేసుకోవడానికి మాత్రం అది చాలదు. రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలోని ఎంకపల్లి చుట్టుపక్కల చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. తూర్పున హైదరాబాద్ దాకా పరుచుకున్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. పడమర చేవెళ్ల మీదుగా వికారాబాద్ వైపు సాగితే, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారి గడ్డకట్టిన దక్కన్ లావా ఆ గ్రానైట్‌ను కప్పేసి ఉంటుంది. గ్రానైట్ చివికితే ఎర్ర చలక, లావారాయి చివికితే నల్లరేగడి. ఏ చేను ఏ పంటకు అనువో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

బోరు వేసేటప్పుడు గుంత పక్కన పోగయ్యే పొడిని చూడండి. ముందు ఎర్రమట్టి, తర్వాత మొరం, ఆ కింద బూడిద రంగు రాతిపొడి. అది తడిగా వచ్చిందంటే పగులు తగిలినట్టే. గట్టి గ్రానైట్‌లో నీరు నిలిచే సందు ఉండదు. చివికిన పైపొరలోనో, పగుళ్లలోనో దొరకాలి. ఆ పగులు ఎలా ఏర్పడిందో చెప్పాల్సింది శిలాశాస్త్రం. ఎక్కడుందో విద్యుత్ నిరోధం కొలిచి వెతికేది భూభౌతికం. రాతిలోంచి నీటిలోకి ఎంత ఫ్లోరైడ్ దిగిందో తేల్చేది రసాయనం. 1961లో హైదరాబాద్‌లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి మహేశ్వరం గ్రానైట్ నేలల్లో ఈ పనులన్నీ ఒకే చోట సాగించింది. అక్కడి ఫలితాలకు బలం ఆ కలయిక వల్లే వచ్చిందని నా అభిప్రాయం.

ప్రత్యేకత లేనిదే కచ్చితత్వం రాదన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆర్గాన్ ఐసోటోపులతో లావా వయసు కట్టడం అందరికీ చేతనైన పని కాదు. అయితే నైపుణ్యం వేరైనంత మాత్రాన ప్రశ్న వేరు కానక్కర్లేదు. గ్రహశాస్త్రం మన ఊరికి దూరమనడం అంతకన్నా బలహీనమైన వాదన. చందమామ మీది నల్లమచ్చలూ ఈ దక్కన్ లావారాయి లాగే బసాల్టే. మహారాష్ట్రలోని లోనార్ ఉల్కాబిలం ఇదే దక్కన్ లావాలో పడింది కాబట్టి, ఇతర గ్రహాల బిలాలను చదవడానికి అది నమూనాగా నిలిచింది.

ఈ నేల మీద ఇంకా లోతుగా చూడాల్సింది రేగడి బీటలను. ఎండాకాలం నోరు తెరిచిన బీటల గుండా తొలకరి నీరు లోపలికి దిగుతుంది. మట్టి ఉబ్బి అవి మూసుకున్నాక వాన చాలావరకు పైపైనే పారి మూసీలో కలిసి, 1920లో కట్టిన గండిపేట చెరువుకు చేరుతుంది.