కారిడార్ లేని హాస్టల్

ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ నేనున్న హాస్టల్లో పొడవాటి కారిడార్, దానికి అటూ ఇటూ గదులు. ఆ చివరి గదుల్లో ఎవరుండేవారో నాకు ఇప్పటికీ తెలీదు. అందుకేనేమో, అహ్మదాబాద్ ఐఐఎమ్ పాత హాస్టళ్ల ప్లాన్ మొదటిసారి చూసినప్పుడు, అందులో కారిడారే లేదన్న దగ్గర ఆగిపోయాను.

1962లో ఆ క్యాంపస్ పనికి అమెరికా నుంచి లూయీ కాన్‌ని రప్పించింది బాలకృష్ణ దోషి. కాన్ గదుల్ని పదేసి చొప్పున ఒక మెట్లదారి, ఒక టీ గది చుట్టూ పేర్చాడు. గదికి వెళ్లాలంటే నలుగురి మధ్యలోంచి వెళ్లాల్సిందే. క్లాసులో తెగని వాదన టీ దగ్గర సాగాలని ఆయన ఉద్దేశం.

అలాంటివి 18 హాస్టళ్లు. సిమెంటూ స్టీలూ కరువైన రోజులు కాబట్టి అన్నిటికీ అక్కడి ఇటుకే. ప్లాస్టరింగ్ లేదు, రంగుల్లేవు. పెద్ద పెద్ద ఖాళీల మీద ఇటుక కమాను, అది పక్కలకి జారిపోకుండా కింద కాంక్రీటు దూలం, విల్లుకి నారి కట్టినట్టు. చవకలో ఇంత అందం ఎలా వచ్చిందా అనిపిస్తుంది.

ఆ చవకే తర్వాత మెడకి చుట్టుకుంది. పూత లేని గోడకి వానా ఎండా నేరుగా తగులుతాయి. సందుల్లో సిమెంటు ఎప్పటికప్పుడు నింపుకుంటూ ఉండాలి. కట్టేటప్పుడు మిగిలిన ఖర్చు తర్వాత మెయింటెనెన్స్‌లో తేలుతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఇటుకలు పెచ్చులూడాయి, 2001 భూకంపానికి గోడలు బీటలిచ్చాయి. ఇటుక రెండో రకమనీ, గోడల్లో పెట్టిన ఇనుము తుప్పు పట్టి ఉబ్బిందనీ సంస్థ అంటుంది.

2020 డిసెంబరులో, 18లో 14 హాస్టళ్లు కూల్చి కొత్తవి కడతామన్నారు. ప్రపంచం నలుమూలల నుంచీ ఆర్కిటెక్టులు గొడవ చేస్తే, 2021 జనవరి 1న వెనక్కి తగ్గారు. 2022 నవంబరులో మళ్లీ, మరమ్మతులు ఆపేసి కొన్ని భవనాలు తిరిగి కడతామని ప్రకటించారు.

నాకిది తేలిగ్గా తేలే తగాదాలా కనిపించదు. పెచ్చులూడే కప్పు కింద పడుకునే కుర్రాడికి కాన్ గొప్పతనం గురించి లెక్చరివ్వడం సులువే, మనం ఆ గదిలో ఉండం కదా. కానీ బృందా సోమయా సంస్థ అక్కడి పదిహేనో హాస్టల్‌ని బాగుచేసి చూపించింది. అదే క్యాంపస్‌లో వాళ్లు బాగుచేసిన లైబ్రరీకి 2019లో యునెస్కో అవార్డూ వచ్చింది. కుదరదనడం కంటే, అంత ఖర్చూ ఓపికా పెట్టలేమనడం నిజాయితీగా ఉండేది.

కొత్త హాస్టళ్ల ప్లాన్లు బయటికొస్తే నేను ముందు వెతికేది ఇటుకని కాదు, టీ గదిని.