గారేజి పాతగచ్చునకు కొత్త కాంక్రీటు సంధానము

మోటారుబండ్ల శాలయందలి పాతగచ్చును విస్తరింపదలచి దాని యంచున కొత్త కాంక్రీటు పోయునపుడు, ఆ రెండును చూపునకు ఒక్కటిగా కానవచ్చినను నిజమునకు ఏకశిల కాజాలవు. ఏలయన, పాతది ఏనాడో ఆరి సంకోచించి నిలుకడ పొందియుండగా, కొత్తది ఆరుచు కుంచించుకొనుచుండును, దాని క్రింది నేలయు బండిబరువునకు కొంత క్రుంగును. కావున సందున బీటవారుట సహజము. ఆ బీట తిన్నని గీతగా, తాను కోరినచోటనే వారునట్లు చేయుటయందే పనివాని నేర్పున్నది.

మొదట నేలను తడిపి పొరలుపొరలుగా దిమ్మిసతో కొట్టవలెను. ఇది లోపించినచో తక్కిన ఉపాయములేవియు నిలువవు. పిదప పాతగచ్చు అంచున, మందమునకు నడుమ, అనగా 100 మి.మీ. పలకయైనచో పైనుండి 50 మి.మీ. దిగువను, అడ్డముగా రంధ్రములు తొలిచి, ధూళిని ఊది వెడలించి, ఎపాక్సీ జిగురుతో 12 మి.మీ. ఇనుపకడ్డీలను నాటుదురు. ధూళి మిగిలినచో జిగురు కాంక్రీటును గాక ధూళినే పట్టుకొనును. పలకలను బిగియగట్టవలెనన్న గరుకుకడ్డీలు తగును. కొత్తది స్వేచ్ఛగా కుంచించుకొనవలెనన్న నునుపుకడ్డీలను వాడి, కొత్తవైపు కొనలకు గ్రీజు పూయుదురు. అప్పుడు పలక ప్రక్కకు జరుగునే కాని ఎగుడుదిగుడు కాదు. గోడలచెంత మాత్రము కడ్డీలకు మారు మెత్తని పట్టీ నుంచుట మేలు.

కాంక్రీటు పోసి అది గట్టిపడిన పిదప కొత్తపలకపై మట్టిగట్లు కట్టి నీరు నిలుపు మన మేస్త్రీల వాడుక మిక్కిలి యోగ్యము. సాధారణ సిమెంటునకు ఐ.ఎస్. 456 అను భారతీయ ప్రమాణము కనీసము 7 దినములు, పొడివేడిమిగల వాతావరణమున 10 దినములు తడి విధించుచున్నది. పూర్తిగా ఆరిన పిదప సందును సాగుడుగల లేపనముతో మూయుదురు.