బడి గేటు దగ్గర పోలీసును పెడితే పిల్లలకు రక్షణేనా?

బడి గేటు దగ్గర ఒక పోలీసును పెట్టించరాదా అని పద్మనగర్ తల్లిదండ్రులు మా సంఘం వారిని అడుగుతుంటారు. సాంచాల మీద రాత్రి డ్యూటీ చేసి వచ్చినవారికి పిల్లల వెంట తిరిగే తీరిక ఎక్కడిది? అడగడంలో తప్పు లేదు.

2024 ఆగస్టులో మన థానే జిల్లాలోనే, బద్లాపూర్‌లోని ఒక బడిలో నాలుగేళ్ల ఈడు పసిపిల్లలు ఇద్దరిపై లైంగిక దాడి జరిగింది. నిందితుడు ఆ బడిలోనే సఫాయి పనికి పెట్టుకున్న మనిషి. గేటు దగ్గర నలుగురు పోలీసులున్నా అతన్ని ఆపేవారు కాదు, లోపలికే పంపేవారు. ఫిర్యాదు రాసుకోవడంలో జాప్యం జరిగిందని ఆగస్టు 20న జనం రైలు పట్టాల మీదికి వచ్చారు. బాంబే హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, బడినీ పోలీసులనూ తప్పుబట్టింది.

పోలీసును బడిలోనే ఉంచే పద్ధతి అమెరికాలో 1950ల నుంచి ఉంది. 2018లో పార్క్‌లాండ్‌లో 17 మంది చనిపోయినప్పుడు ఆ బడికి కేటాయించిన సాయుధ అధికారి బయటే ఉండిపోయాడు. అక్కడి పరిశోధనల్లో తేలిందేమంటే, పోలీసు ఉంటే పిల్లల కొట్లాటలు కొంత తగ్గుతాయి, తుపాకీ కాల్పులు మాత్రం ఆగవు. పైగా బడి నుంచి తీసివేయడాలు, అరెస్టులు పెరుగుతాయి, అవి ఎక్కువగా నల్లజాతి పిల్లల మీదనే పడతాయి. పరాయి రాష్ట్రంలో కొద్దిమందిగా ఉన్న మనం ఈ చివరి మాట మరువరాదు.

మన దేశంలో 2018లో జాతీయ స్థాయిలో మొదలైన స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ పథకం పిల్లలకు శిక్షణ మాత్రమే, కాపలా కాదు.

మనకు అక్కరకు వచ్చేది 2012 నాటి పోక్సో చట్టం. నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పాలి. చెప్పకుండా దాచిన సంస్థ పెద్దకు ఏడాది దాకా జైలు పడవచ్చు. పిల్ల వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, వీలైనంతవరకు మహిళా అధికారే తీసుకోవాలి. ఆ వేళ అధికారి యూనిఫారంలో ఉండకూడదు. ఖాకీని చూస్తే పిల్ల నోరు విప్పదని చట్టం రాసినవారికే తెలుసు! తల్లిదండ్రుల ఎదుట, పిల్ల చెప్పినది చెప్పినట్టే రాయాలి. తెలుగు తప్ప రాని పిల్లకు దుబాసీని అడగవచ్చు. ప్రతి ఠాణాలో బాలల సంక్షేమ పోలీసు అధికారి ఒకరు ఉండాలని 2015 నాటి బాల న్యాయ చట్టం చెబుతోంది.

పోలీసు చేయవలసిన అసలు పని గేటు దగ్గర కాదు, కాగితాల దగ్గర ఉంది. బద్లాపూర్ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం బడుల్లో కెమెరాలు, ఫిర్యాదు పెట్టెలు ఉండాలనీ, సిబ్బంది పూర్వాపరాలను పోలీసులతో తనిఖీ చేయించాలనీ ఆదేశించింది. పాలకుల సమావేశానికి వెళ్లినప్పుడు ఆయాకు, సఫాయివాడికి, రిక్షా నడిపేవాడికి తనిఖీ జరిగిందా అని అడగండి. కాంట్రాక్టరు మనిషి అంటే ఒప్పుకోవద్దు.

అవసరమైతే 1098కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. మరాఠీ, హిందీ రాని తల్లి ఠాణాకు వెళ్లవలసి వస్తే సంఘానికి కబురు పెట్టండి. రాత్రయినా సరే, మాలో ఒకరం వెంట వస్తాము.