ఊపిరి పోసిన చేతులు

2020లో కోవిడ్‌తో న్యూయార్క్ ఆస్పత్రులు నిండిపోయినప్పుడు అందరూ వెంటిలేటర్ల గురించే మాట్లాడారు. మరి వాటిని నడిపేదెవరు? రెస్పిరేటరీ థెరపిస్టులు. ఉన్నవాళ్లు సరిపోక, వేరే రాష్ట్రాల నుంచి కాంట్రాక్టు మీద వచ్చారు.

పక్కన మనిషి ఉంటే ఏమవుతుందో 1952లోనే కోపెన్‌హేగన్ చూపించింది. అప్పుడు అక్కడ పోలియో విజృంభించింది. బ్లెగ్డామ్ ఆస్పత్రిలో మొదటి మూడు వారాల్లో శ్వాస యంత్రాల మీద పెట్టిన 31 మందిలో 27 మంది చనిపోయారు. ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు, 12 ఏళ్ల పాప గొంతుకి రంధ్రం చేయించి, గొట్టం పెట్టి, రబ్బరు సంచి చేత్తో నొక్కుతూ ఊపిరి అందించారు. పాప బతికింది! తర్వాత దాదాపు 1500 మంది మెడికల్ విద్యార్థులు షిఫ్టుల్లో, రాత్రీపగలూ ఆ సంచులు నొక్కారు. మరణాలు బాగా తగ్గాయి.

ఈసారి వెంటిలేటర్ అనే మాట వింటే, దాని పక్కన నిలబడ్డ మనిషిని కూడా తలుచుకోండి.