దానిమ్మ – పెద్దపేగు – యూరోలిథిన్లు

దానిమ్మకాయ వొలిచిన చేతికి అంటే మరక ఒక పట్టాన వదలదు. ఆ మరకలోనూ, తొక్క కొరికితే నోరు పీక్కుపోయే వగరులోనూ ఉన్నవి ఎల్లాజిటానిన్లు. వాటిలో ముఖ్యమైనది ప్యూనికలాజిన్. ఇది ఎర్రటి గింజల్లో కంటే తొక్కలోనూ, గింజల మధ్య ఉండే పసుపు పొరల్లోనూ ఎక్కువ. అందుకే ఇంట్లో గింజలు వొలిచి తీసిన రసంలో కంటే, కాయను తొక్కతో సహా పిండి ఫ్యాక్టరీల్లో తీసే రసంలో ఇది దండిగా ఉంటుంది. గాజునాళికలో దీని యాంటీఆక్సిడెంట్ గుణం చూసే దానిమ్మకు అంత పేరొచ్చింది. కానీ ఆ అణువు పెద్దది, ఉన్నదున్నట్టుగా రక్తంలోకి చేరదు. అది విడిపోతే వచ్చే ఎల్లాజిక్ ఆమ్లం నీటిలో సరిగ్గా కరగనైనా కరగదు. కాబట్టి దానిమ్మ మేలు చేస్తుందంటే, ఆ మేలు పండులో సిద్ధంగా ఉన్నది కాదు, తిన్నాక పెద్దపేగులో తయారయ్యేది అనుకోవాలి.

తయారుచేసేవి అక్కడి బాక్టీరియా. గోర్డోనిబ్యాక్టర్ జాతివి ఎల్లాజిక్ ఆమ్లపు వలయాన్ని ఒకటి తెంచి, హైడ్రాక్సిల్ గుంపులను వరసగా ఊడదీసి, యూరోలిథిన్లు అనే చిన్న అణువుల్లో ఒకటైన యూరోలిథిన్ సి దాకా తెస్తాయి. అక్కడి నుంచి యూరోలిథిన్ ఎ చేయడానికి మరో రకం బాక్టీరియా కావాలి. ఒకరు దంచితే ఇంకొకరు చెరిగినట్టు. ఇదంతా తీరిగ్గా జరిగే పని. రసం తాగిన రెండు రోజుల తర్వాత కూడా మూత్రంలో యూరోలిథిన్లు కనిపిస్తాయి. ఆ పనివాళ్లు అందరి పేగుల్లో ఒకేలా ఉండరు. స్పెయిన్‌లోని ముర్సియా పరిశోధకులు 2014లో మనుషులను మూడు రకాలుగా విడదీశారు: యూరోలిథిన్ ఎ ఒక్కటే చేసేవారు 'ఎ', దానితో పాటు ఐసోయూరోలిథిన్ ఎ, యూరోలిథిన్ బి కూడా చేసేవారు 'బి', ఏదీ చేయలేనివారు 'సున్నా'. సోయా కథా ఇంతే. అందులోని డైడ్జీన్‌ను ఈక్వాల్‌గా మార్చగలిగేవారు మనుషుల్లో సుమారు మూడో వంతు నుంచి సగం దాకానే. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకలు సోయా తిన్నా ఈక్వాల్ చేయలేవు. పని ఎవరిదో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పండుకూ బాక్టీరియాకూ ఉన్న ఈ సంబంధం ఒకవైపుదే కాదు. టానిన్లు కొన్ని బాక్టీరియాను అణచి, కొన్నింటికి చోటిస్తాయి. కెనడాలో 2015లో కొవ్వు, చక్కెర ఎక్కువున్న తిండి పెట్టిన ఎలుకలకు క్రాన్‌బెర్రీ సారం ఇస్తే అక్కెర్మాన్సియా అనే పేగు బాక్టీరియా పెరిగింది, ఇన్సులిన్ స్పందన మెరుగుపడింది. ఎలుకలో చూసినది మనిషికి అంటగట్టకూడదన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే పండూ, బాక్టీరియా ఒకదాన్నొకటి మారుస్తాయనడానికి ఇది చాలు.

అంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: ఇంత తంటా ఎందుకు, యూరోలిథిన్ ఎ నే మాత్రగా మింగితే పోదా? 2016లో స్విట్జర్లాండ్ లొజాన్ శాస్త్రవేత్తలు అదే యూరోలిథిన్ ఎ తో చిన్న నులిపురుగుల ఆయుష్షును 45 శాతం పెంచారు, కణాల్లో చెడిపోయిన మైటోకాండ్రియాను ఏరివేయడమే కారణమన్నారు. సున్నా రకం వారికి మాత్ర ఒక దారే. కానీ 2022లో వృద్ధులపై జరిగిన పరీక్షలో కండరాల ఓర్పు పెరిగినా, ఆరు నిమిషాల్లో నడిచే దూరంలో ఉత్తుత్తి మాత్రకూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా మాత్ర ఇచ్చేది ఒక్క అణువునే, పేగులోని మిగతా బాక్టీరియాకు పండు అందించే సరుకును కాదు.

యూరోలిథిన్ ఎ మీద ఇంత ఆశ ఉందని, 'ఎ' రకం మంచిది, 'బి' రకం చెడ్డది అని ముద్ర వేయడమూ తొందరపాటే. అధిక బరువున్నవారికి దానిమ్మ సారం ఇచ్చి చూసిన 2017 నాటి స్పెయిన్ పరీక్షలో చెడు కొలెస్ట్రాల్ తగ్గింది బి రకం వారిలోనే. మొదట్లో గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నదీ వాళ్లకే. అందరినీ కలిపి సగటు తీసి ఉంటే ఆ తేడా కనిపించకుండానే పోయేది.